గాజు బండికి పెద్ద చక్రాలు

పికప్పు బండికి పెద్ద చక్రాలు వేయమని ఎవరైనా మా కొట్టుకి వస్తే నాకు ముందు కోపం వస్తుంది. తర్వాత నవ్వు వస్తుంది. ఆ తర్వాత పని చేసిపెడతాను. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది తారురోడ్డు దిగి ఎరగరు. కూరగాయలు తెచ్చుకోవడానికి కొనుక్కున్న బండిని ఏనుగంత ఎత్తు చేసుకుని ఊరంతా ఊరేగుతారు. పైన పటారం, లోన లొటారం. మా నాన్న ఉన్నప్పుడు ఇలాంటివాళ్ళని గుమ్మంలోంచే పంపించేసేవాడు. కొట్టు నా చేతికి వచ్చాక నేను కాస్త మర్యాద నేర్చుకున్నాను కాబట్టి లోపలికి పిలిచి, కూర్చోబెట్టి తిడతాను. టైరక్క నోరు మంచిది కాదని వీధిలో పేరు. చేతిపని మంచిదని కూడా పేరుంది గానీ అది ఎవరూ పైకి అనరు.

అలాంటి నా దగ్గరికి ఒకరోజు నిదానం బాబాయి వచ్చి, "అమ్మాయ్, నా బండికి పెద్ద చక్రాలు పడతాయా?" అని అడిగాడు. చేతిలో స్పానర్ కింద పడలేదు కానీ పడినంత పనైంది.

నిదానం అనేది ఆయన పేరు కాదు, ఆయన బండి నడిపే తీరు. కిటికీలకీ, దుకాణాల తలుపులకీ వేసే గాజు పలకలను కొట్టు నుంచి ఇళ్ళకి చేరవేయడం ఆయన పని. తొట్టి మధ్యలో వాలుగా ఒక ఇనుప చట్రం ఉండేది. దానికి పాత దుప్పట్లు చుట్టి, వాటికి ఆనించి పలకలు నిలబెట్టి, తాళ్ళు బిగించి, ఒళ్ళో పసిపిల్ల నిద్రపోతున్నట్టు నడిపేవాడు. వెనకవాళ్ళు హారన్ కొట్టీ కొట్టీ విసిగిపోతే అద్దంలో చూసి చెయ్యి ఊపేవాడు. నిదానమే ప్రధానం అని చెప్పిన మహానుభావుడు ఈయన వెనక బండిలో ఉండి ఉంటే ఆ మాట వెనక్కి తీసుకునేవాడని మా వీధిలో అంటారు. కానీ ఆయన చేతిలో ఒక్క పలక పగిలిందని ఎవరూ అనలేరు. గాజు కొట్టాయన సొంత కొడుకు బండిని కాదని ఈయనకే సరుకు ఇచ్చేవాడు. ఆ సంగతి బాబాయి ఎవరికీ చెప్పుకోడు. ఎవరైనా చెబుతుంటే మాత్రం అక్కడ నిలబడి వింటాడు.

గాజు మోసే బండి కిందికి ఉండాలి, మెత్తగా ఉండాలి. గతుకు తగిలినా పలకకు తెలియకూడదు. ఎత్తి పెట్టేవాళ్ళకి తొట్టి నడుము దగ్గరికి రావాలి. పెద్ద చక్రాలు వేస్తే ఈ రెండూ పోతాయి. ఇదంతా చిలక్కి చెప్పినట్టు చెప్పాను.

"తెలుసు" అన్నాడు.

"తెలిసి కూడా ఎందుకు బాబాయ్? ఈ వయసులో సోకులా?"

"అక్కని తీసుకురావాలమ్మాయ్."

ఆయన అక్క సంగతి మా వీధిలో అందరికీ తెలుసు. తల్లి పోయేనాటికి ఈయనకి మాటలు కూడా సరిగా రావు. అక్కే అన్నం పెట్టింది, అక్కే వీపు మీద రెండు వేసింది, అక్కే బడికి పంపింది. తర్వాత ఆమెను కొండ మీది క్వారీలో రాళ్ళు కొట్టే అతనికిచ్చి చేశారు. క్వారీ నడిచినన్నాళ్ళూ లారీలు తిరిగి దారి ఉండేది. క్వారీ మూతపడింది, జనం దిగిపోయారు, బావ కూడా పోయాడు. వానలకు మన్నంతా కొట్టుకుపోయి దారి పొడవునా బండరాళ్ళు తేలాయి, మధ్యలో వాగొకటి. పైన ఇప్పుడు నాలుగైదు ఇళ్ళు మిగిలితే, అందులో ఒకదాంట్లో ఆమె, ఆమె కుట్టుమిషను. బాబాయి ప్రతి ఆదివారం బండిని వాగు ఇవతల ఆపి, మిగతా కొండ కాలినడకన ఎక్కి అక్కని చూసి వస్తాడు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగితే, "అడిగేలోపే వాళ్ళు వేరేవాళ్ళని చేసుకునేవారు" అంటాడు. ఆయన నిదానం అంతటిది.

వెళ్ళినప్పుడల్లా "నాతో వచ్చెయ్ అక్కా" అని అడిగేవాడు. ఆమె కూడా ప్రతిసారీ ఒకటే జవాబు చెప్పేది. "ఈ మోకాళ్ళతో నడిచి దిగలేను రా. నీ బండి నా గుమ్మం దాకా వచ్చిన రోజు వస్తాను."

పెద్దవాళ్ళు ఇలాంటివి చాలా అంటారు. కాదనడం ఇష్టం లేక జరగని పని ఒకటి అడ్డం పెడతారు. వినేవాళ్ళు నవ్వి ఊరుకోవాలి. బాబాయి ఊరుకోలేదు. మా కొట్టు వెనక సందులో ఆయన ఇల్లు రెండు గదులు. వీధి వైపు గది ఖాళీ చేసి, సున్నం వేయించి, మంచం వేసి, గోడలో సగం కొట్టించి నిలువెత్తు గాజు పలక బిగించాడు. అక్క మంచం మీద కూర్చుంటే వీధి మొత్తం కనబడాలట. నేను చూడ్డానికి వెళ్తే, ఆ గదిలో ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా నడిచాడు. తాను మాత్రం వెనక గదిలో చాప మీద పడుకునేవాడు. కావాల్సిందల్లా బండి గుమ్మం దాకా వెళ్ళడమే.

సరే, పని మొదలుపెట్టాను. పాతవాటి కంటే రెండు సైజులు పెద్దవి, పళ్ళు లోతుగా ఉండే టైర్లు, వాటికి తగ్గ రిమ్ములు తెప్పించాను. ముందు చక్రాలు బిగించి స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పితే టైరు మడ్‌గార్డు లోపల రాసుకుంది. ఎక్కడ రాసుకుంటుందో కంటికి కనబడదు. అందుకని టైరు అంచంతా సుద్దముక్కతో రుద్ది మళ్ళీ తిప్పాలి. లోపల ఎక్కడ తెల్లగా అంటితే అక్కడ సుత్తి వేయాలి. వేసి, రుద్ది, తిప్పి, మళ్ళీ వేసి, ఒక పూటంతా దాని కింద పడుకున్నాను. బాబాయి పక్కన గొంతుక్కూర్చుని, సుత్తి దెబ్బ పడ్డప్పుడల్లా కళ్ళు మూసుకున్నాడు.

ఖాళీ బండికి తగలని టైరు బరువెక్కితే తగులుతుంది. దానికి మా కొట్టులో ఒక అలవాటుంది. తొట్టి నిండా మనుషులను ఎక్కిస్తాం. బస్తాలైతే ఎత్తాలి, దింపాలి, మనుషులైతే వాళ్ళే ఎక్కి వాళ్ళే దిగుతారని మా నాన్న సిద్ధాంతం. ఆ రోజు సైకిలు కొట్టాయన, ఇస్త్రీ వదిన, ఆమె మొగుడు, దారిన పోయేవాళ్ళు ఇంకొందరు ఎక్కారు. బాబాయి నడిపాడు, నేను పక్కన నడుస్తూ చెవి పెట్టి విన్నాను. ఎక్కడా రాసుకోలేదు. ఇస్త్రీ వదిన అత్తగారు తానూ ఎక్కుతానని సరదా పడితే, "నీకు అందదులే మామ్మా" అని కుర్చీ వేసి కింద కూర్చోబెట్టాం. అప్పుడైనా మా ఇద్దరిలో ఒక్కరి బుర్రకైనా తట్టాల్సింది.

సాయంత్రం గాజు కొట్టాయన వచ్చి చూశాడు. తొట్టి ఆయన ఛాతీ దాకా వచ్చింది. బండి చుట్టూ ఒకసారి తిరిగి, బాబాయి భుజం మీద చెయ్యి వేసి, వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి గాజు పలకలు ఆయన కొడుకు బండిలో వెళ్ళాయి. బాబాయి ఇనుప చట్రం ఊడదీసి మా కొట్టు వెనక పెట్టి, నీళ్ళ గొట్టాలూ చెక్కలూ మోయడం మొదలుపెట్టాడు. బాధగా లేదా అని అడిగాను. ఉంది అన్నాడు.

కొత్త చక్రాలు రాళ్ళ దారిలో తిరిగాక నట్లు మళ్ళీ బిగించాలి. ఆ వంక పెట్టుకుని మొదటి ఆదివారం నేనూ వెళ్ళాను. నిజానికి నా పని ఆ వాగు ఎలా దాటుతుందో చూడాలని నాకు ఆశ. పాత చక్రాలతో కడుపు ఆనుకునే రాళ్ళ మీదుగా బండి ఒక్కొక్క అడుగే వేసుకుంటూ ఎక్కింది. స్టీరింగ్ మీద ఆయన వేళ్ళు గాజు మోసేటప్పుడు ఎలా ఉండేవో అలాగే ఉన్నాయి. పైకి చేరి గుమ్మం ముందు ఇంజను ఆపితే, లోపల మిషను చప్పుడు ఆగింది.

ఆమె బయటికి వచ్చింది. సన్నగా, పొడుగ్గా, నోట్లో రెండు గుండుసూదులు పెట్టుకుని ఉంది. బండిని చూడగానే మొహం వెలిగింది. ఆ మరుక్షణమే గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది. తమ్ముడు చూశాడో లేదో, నేను చూశాను.

"వచ్చేశానక్కా, గుమ్మం దాకా" అన్నాడు బాబాయి.

"వచ్చావురా" అంది ఆమె, సూదులు తీసి జాకెట్టుకి గుచ్చుకుంటూ.

తిని వెళ్దాం అంది. తిన్నాం. గిన్నెలు కడుగుతాను అంది. కడిగింది. ఇంక ఏ పనీ మిగల్లేదు. బాబాయి పీట తెచ్చి బండి తలుపు కింద వేశాడు. ఆమె పీట మీద ఒక కాలు పెట్టి, పైకి సీటు వైపు చూసి, కాలు మళ్ళీ నేల మీద పెట్టేసింది.

"ఎత్తు రా. ఈ మోకాళ్ళతో నా వల్ల కాదు."

మేం చూసుకోనిది అదొక్కటే. బరువు చూశాం, స్టీరింగ్ చూశాం, వాగు చూశాం. ఎవరి కోసం చేశామో ఆవిడ ఎక్కగలదో లేదో చూడలేదు. బాబాయి పీట తీసి చేత్తో పట్టుకున్నాడు. "నాదే తప్పక్కా. ఎత్తు చూసుకోలేదు" అన్నాడు. తర్వాత నా చేతిలో స్పానర్ తీసుకుని నట్లు బిగించడానికి వెళ్ళాడు.

నేను మంచినీళ్ళకని లోపలికి వెళ్ళాను. వెనక తలుపు తీసి ఉంది. పెరట్లో మోకాలు దాటే ఎత్తు రాతి అరుగు, దాని పైన తీగ మీద కుట్టి ఉతికిన బట్టలు. ఆవిడ గోడ పట్టుకోకుండా, చెయ్యి ఆనించకుండా ఒక్క అంగలో అరుగెక్కి బట్టలు తీస్తోంది. తిరిగి చూస్తే నేను.

"మోకాళ్ళ నొప్పి ఏమైంది అత్తయ్యా?" అన్నాను. నా నోరు సంగతి చెప్పాను కదా.

ఆవిడ బట్టలు భుజాన వేసుకుని మెల్లగా దిగి, అరుగు మీద కూర్చుంది. "నొప్పి ఉంది. ఎక్కనివ్వనంత లేదు" అంది. బట్టలు ఒళ్ళోకి తీసుకుంటూ, "వాడు ఆదివారం వస్తాడని నేను శనివారం నుంచే ఇల్లు తుడుస్తాను. ఉతికిన బట్టలు కట్టుకుంటాను. మలుపులో వాడి తల కనబడే దాకా మిషను మీద కూర్చుంటానే గానీ ఒక్క కుట్టు కూడా పడదు. వాడింట్లోనే ఉన్నాననుకో. ఇంక వాడు ఎక్కడి నుంచి వస్తాడు? నేను ఎవరి కోసం ఎదురుచూస్తాను?" అంది. గుమ్మం వైపు చూసి, "వాడికి చెప్పకు పిల్లా. గది కూడా సిద్ధం చేశాడట" అని చేతిలో బట్ట మడత పెట్టడం మొదలుపెట్టింది.

నేను చెప్పలేదు. ఒకరికి అక్కని తీసుకురావాలని ఆశ, ఇంకొకరికి తమ్ముడు వస్తూ ఉండాలని ఆశ. ఆ రెండూ ఒకటే అనుకుని ఒక పూటంతా బండి కింద పడుకున్నాను.

వచ్చేటప్పుడు వాగు దాటాక బాబాయి అన్నాడు, "ఒక మెట్టు వెల్డింగ్ చేస్తే సరిపోతుందేమో అమ్మాయ్." చేశాను. మరుసటి ఆదివారం వెళ్ళి వచ్చి, మెట్టు జారుతుందన్నదని చెప్పాడు. పాత టైరు ముక్క కోసి దాని మీద అతికించాను. పట్టుకోవడానికి ఏమీ లేదంది. తలుపు పక్కన చేతి పిడి పెట్టాను. సీటు గట్టిగా ఉందంది. దూది పరుపు వేయించాడు. దానికి గలీబు ఆవిడే కుట్టి పంపింది, కొలతలు కూడా సరిగ్గా కుదిరాయి. ఎండ మొహాన పడుతోందంది. తెర కట్టాం. ఆ బండి రోజురోజుకీ పెళ్ళికూతురిలా తయారవుతోంది గానీ ఎక్కాల్సినావిడ ఎక్కదు. అన్నీ కాకమ్మ కబుర్లే. ఆయన ప్రతిసారీ కొత్త కోరికొకటి మోసుకుని, అదేదో కానుకైనట్టు మొహం పెట్టుకుని వచ్చేవాడు.

డీజిలు వాసన పడటం లేదందని చెప్పిన రోజున నాకు ఒళ్ళు మండింది. స్పానర్ నేలకేసి కొట్టి అనేశాను.

"మీ అక్కకి రావాలని లేదు బాబాయ్."

ఆయన స్పానర్ తీసి, తుడిచి, బల్ల మీద పెట్టాడు. "తెలుసమ్మాయ్" అన్నాడు.

"ఎప్పట్నుంచి?"

"మొదటి రోజే. మోకాళ్ళు పనిచేయనివాళ్ళు పీట ఎక్కేముందు దేన్నైనా పట్టుకుంటారు. అక్క చేతులు రెండూ ఖాళీగా ఉన్నాయి." కాసేపు వీధిలోకి చూశాడు. "అక్కడ ఆమె ఆ మాట అంటున్నప్పుడు నేను చూడను. చక్రాల దగ్గరికెళ్ళి నట్లు చూస్తున్నట్టు నిలబడతా. అబద్ధం చెప్పేటప్పుడు పెద్దవాళ్ళ మొహం చూడకూడదు."

"మరి ఈ మెట్లూ పరుపులూ అన్నీ ఎందుకు?"

"ఏదో ఒకటి అడుగుతుంది కదా" అన్నాడు. "చిన్నప్పుడు నేను అడిగేవాణ్ణి, తను తెచ్చేది. ఇప్పుడు తను అడుగుతోంది. అడిగించుకోవడానికి నాకింకెవరున్నారు చెప్పు? గది ఎక్కడికీ పోదు. ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని రోజూ తుడుస్తాను. అదీ బాగానే ఉంది."

డీజిలు వాసన రాకుండా తలుపు అంచులకి రబ్బరు వేసి ఇచ్చాను.

చలి రోజులు పోయాక ఒక మధ్యాహ్నం కొట్టుకి ఫోను వచ్చింది. అవతల ఆవిడ. కొండ మీద ఫోను పలికే చోటు ఒకే ఒక బండ ఉందట, అక్కడి దాకా కర్ర పట్టుకుని నడిచినందుకు ఆయాసం వినబడుతోంది. "ఈ ఆదివారం నువ్వు కూడా రా పిల్లా. వాడొక్కడి వల్ల కాదు" అంది. పోయిన ఆదివారం తమ్ముడు దిగిపోయిన మర్నాడు పెరటి అరుగు మీంచి పడిందట. దెబ్బ తగ్గింది గానీ కాలు మాట వినడం లేదు. "వస్తానని వాడికి ముందే చెప్పకు. ఆశ పెట్టి ఎక్కలేకపోతే వాడు తట్టుకోలేడు."

ఆదివారం వెళ్ళాం. దారిలో నోరు మూసుకుని కూర్చోవడం నాకెంత కష్టమో ఆ దేవుడికే తెలుసు. ఆవిడ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. ఉతికిన బట్టలు కట్టుకుంది. మిషను మీద గుడ్డ కప్పి ఉంది. పక్కన ఒక సంచీ. బాబాయి అవేమీ చూడలేదు. ఎప్పటిలాగే పలకరించి, ఎప్పటిలాగే బండి తలుపు తీసి, "ఎక్కక్కా" అని, ఎప్పటిలాగే మొహం తిప్పుకుని వెనక చక్రం దగ్గరికి వెళ్ళి నట్టు మీద చెయ్యి వేశాడు.

ఆవిడ గోడ పట్టుకుని వచ్చింది. మెట్టు మీద కాలు పెట్టింది. కాలు లేవలేదు. మళ్ళీ పెట్టింది. పెదవి కొరుక్కుని, "నా వల్ల కావడం లేదు రా" అంది.

"సరేలే అక్కా" అన్నాడు ఆయన నట్టుతోనే మాట్లాడుతున్నట్టు. గొంతులో కోపం లేదు, అలవాటైన మెత్తదనమే. "మళ్ళీ వారం చూద్దాంలే."

ఆవిడ నా వైపు చూసింది. ఆ చూపు నేను మర్చిపోలేను. జన్మలో మొదటిసారి నిజం చెబుతుంటే నమ్మేవాడు లేడు.

"బాబాయ్, ఇటు చూడు" అన్నాను. ఆయన కదల్లేదు. "మొహం చూడకు. చెయ్యి చూడు."

ఆయన తిరిగాడు. నేను బిగించిన చేతి పిడిని ఆవిడ రెండు చేతులతో పట్టుకుని వేలాడుతోంది. వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి.

ఆయన అంత వేగంగా నడవడం నేను ఎప్పుడూ చూడలేదు. వచ్చి, వెనక నుంచి ఆమె చంకల కింద చేతులు వేసి, ఒక్క కుదుపు లేకుండా ఎత్తాడు. నేను కాళ్ళు పట్టాను. "బస్తానా నేను, మెల్లగా" అని ఆవిడ కసిరింది. సీట్లో సర్దుకుని, తాను కుట్టిన గలీబు చేత్తో తడిమి, తెర పక్కకి లాగింది. "పద" అంది. బాబాయి తలుపు వేయలేక దాని మీద తల ఆనించి ఏడ్చాడు. కోరుకున్నది దొరికినందుకు ఏడ్చాడని సైకిలు కొట్టాయనకి నేను చెప్పాను. అది నిజం కాదు. ఆమె వస్తున్నదంటే ఇంక ఏ దారీ లేకనే అని ఆయనకి అర్థమైంది.

ఇప్పుడు ఆవిడ మా వెనక సందులోనే ఉంటుంది. ఆ గాజు పలక ముందు మంచం మీద కూర్చుంటే వీధి మొత్తం కనబడుతుంది. ఇస్త్రీ వదిన బట్టలకి బొత్తాలు కుడుతుంది. బాబాయి చాప మీది నుంచి లేచి మందులిస్తాడు, తల దువ్వుతాడు. అంతా బాగుంది. అయితే వచ్చిన కొత్తల్లో ఒక ఆదివారం ఆయన పొద్దున్నే తల దువ్వుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని, ఎక్కడికి వెళ్ళాలో తెలియక గుమ్మంలో కూర్చున్నాడట. ఆవిడ మంచం మీంచి చూసి చూసి, "ఎందుకు రా అలా ఉన్నావు? వెళ్ళి రా" అందట.

నేను ఆదివారం కూడా కొట్టు తెరుస్తాను. మొన్న పెద్ద చక్రాల బండి ఖాళీగా కొండ దారి వైపు వెళ్తుంటే చెయ్యి అడ్డం పెట్టి ఆపాను. ఆయన పక్కన దారపు కండెలూ పళ్ళ సంచీ ఉన్నాయి. వెనక సందులో ఇస్త్రీ వదిన ఆవిడకి జడ వేసి, గాజు వైపు తిప్పి కూర్చోబెడుతోంది.

"ఎక్కడికి బాబాయ్?"

"వాగు దాకా వెళ్ళొస్తా" అన్నాడు. "అక్క ఎదురుచూస్తూ ఉంటుంది."